తుపాకి నుదుటి రాత

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో గడియకు వెనుక, కొయ్యభాగం మొదలయ్యే చోట, కుడివైపున అరచేతి వెడల్పైనా లేని ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. ఆ తుపాకి జాతకమంతా అక్కడే చెక్కి ఉంటుంది. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ కర్మాగారంలో 1942లో తయారైన రైఫిల్ అయితే పైన కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడక్షరాలు, ఆ కింద ఊరిపేరు, సంవత్సరం, నమూనా సంఖ్య కనిపిస్తాయి. ఆ మూడక్షరాలు లాటిన్ భాషవి. జార్జియస్ రెక్స్ ఇంపరేటర్: జార్జి, రాజు, చక్రవర్తి. అదే కర్మాగారంలో 1950 తరువాత తయారైన రైఫిల్‌ను తెచ్చి పక్కన పెట్టండి. కిరీటం ఉండదు, దాని స్థానంలో అశోకుని సింహాలు కొలువుతీరి ఉంటాయి. చక్రవర్తి బిరుదు పోయి రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్ అనే మాటల పొడి అక్షరాలు వచ్చి ఉంటాయి. తక్కినదంతా అదే. అదే గొట్టం, అదే గడియ, అదే పది తూటాల పెట్టె. ఆ పట్టీని బొటనవేలితో కప్పివేస్తే ఏది సామ్రాజ్యపు ఆయుధమో, ఏది గణతంత్రపు ఆయుధమో చెప్పడానికి నిపుణుడైనా కొంతసేపు తడుముకోవలసిందే.

ఈ శీర్షికను క్రమంగా చదివేవారికి నా బలహీనత తెలిసినదే. వస్తువు కన్నా దాని మీది అక్షరాలే నన్ను ముందు ఆకర్షిస్తాయి. బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో పాత బ్రిటిష్ సైనిక రైఫిళ్ళను సేకరించి, వీలైతే కాల్చి చూసేవారు వేలమంది ఉన్నారు. వారి పుస్తకాలు, సంఘాల పత్రికలు తిరగవేసినప్పుడు మొదట నాకు కలిగినది ఆశ్చర్యం. ఆయుధాల మీది వ్యామోహం కనిపిస్తుందేమో అనుకుంటే, అక్కడ నడుస్తున్నది తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితుల చర్చ! గడియ మీది సంఖ్య, గొట్టం మీది సంఖ్య, కొయ్య కొసన ఉన్న సంఖ్య ఒకటేనా? ఈ మర ఆ సంవత్సరం నాటిదేనా, తరువాత ఎవరైనా బిగించారా? ఈ ముద్ర ఏ తనిఖీదారునిది? ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో ప్రతి నమూనాకూ లక్కముద్ర వేసిన ఒక మూలప్రతిని భద్రపరిచేవారు. దేశదేశాలలో తయారయ్యే లక్షలాది రైఫిళ్ళు ఆ మూలప్రతికి సరిపోలితేనే సైన్యం స్వీకరించేది. అనువాదకునికి ఈ ఏర్పాటు ఎంత అసూయ కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

రైఫిల్ అనే మాటకు మూలం గాడి చెక్కడం అనే అర్థంగల క్రియ. గొట్టం లోపలి గోడలమీద మరమేకు చుట్టులాగా మెలితిరిగిన చాళ్ళు ఉంటే అది రైఫిల్. చాళ్ళు లేక నున్నగా ఉంటే మస్కెట్. నున్నటి గొట్టంలో గుండు వదులుగా ఉండి అటూ ఇటూ తగులుతూ పోతుంది. చాళ్ళు ఉన్న గొట్టంలో అది బొంగరంలా తిరుగుతూ బయటపడి, తిరుగుతూనే ఉండడంచేత దారి తప్పదు. 18వ శతాబ్దమంతా బ్రిటిష్ సిపాయి మోసిన బ్రౌన్ బెస్ మస్కెట్‌తో వంద గజాలు దాటితే మనిషిని గురి చూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. ఆ తుపాకిలో చవకగా, పొట్టిగా ఉండే ఒక రకానికి ఇండియా ప్యాటర్న్ అని పేరు. ఈస్టిండియా కంపెనీ తన సైన్యాలకోసం తయారు చేయించుకున్న ఈ రకాన్నే, ఫ్రాన్సుతో యుద్ధంలో ఆయుధాలు చాలక, 1790లలో బ్రిటిష్ ప్రభుత్వమూ తన సైన్యానికి తీసుకున్నది.

1853లో వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ కథను మార్చింది. దాని గుండు అడుగు బోలుగా ఉండి, మందు పేలగానే వ్యాకోచించి చాళ్ళను పట్టుకుంటుంది. గురిచూపు పట్టీమీద తొమ్మిది వందల గజాలకు పైబడిన కొలతలు చెక్కారు. అయితే గుండూ, మందూ కలిపి చుట్టిన కాగితపు పొట్లానికి కొవ్వు పూయవలసి వచ్చింది. ఆ పొట్లం కొసను సిపాయి పళ్ళతో కొరికి చింపాలి. తరువాతి కథ మనకు బడిపుస్తకాలలోనే ఉన్నది. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో మూడవ ఆశ్విక దళానికి చెందిన తొంభైమందిలో ఎనభై అయిదుగురు తూటాలను ముట్టుకోనన్నారు. బడిపుస్తకాలలో కనిపించని చిన్న వివరం ఒకటున్నది. మీరట్‌లో ఆనాడు ఇచ్చినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, వారు ఎన్నాళ్ళనుంచో వాడుతున్న పాతరకం తూటాలే. నమ్మకం పోయిన తరువాత కాగితం పాతదా, కొత్తదా అని ఎవరు చూస్తారు?

నన్ను ఎక్కువగా నిలబెట్టినది దాని తరువాతి ఘట్టం. తిరుగుబాటు అణగిపోయాక ప్రభుత్వం భారతీయ సిపాయిలకోసం ఒక కొత్త తుపాకిని తయారు చేయించింది. పైకి చూస్తే అది అచ్చంగా 1853 ఎన్‌ఫీల్డే. అదే పొడవు, అదే కొయ్య, అవే ఇత్తడి బిగింపులు. కాని గొట్టంలో చాళ్ళు లేవు. దూరాలను సూచించే గురిచూపు పట్టీని తీసివేసి, ఆ స్థానంలో కదలని చిన్న దిమ్మను అతికించారు. రైఫిల్ రూపంలో ఉన్న మస్కెట్ అన్నమాట. చేతిలో పట్టుకున్న సిపాయికి తేడా తెలియకపోదు. తెల్ల సైనికునితో సమానంగా దూరం కొట్టగలిగే ఆయుధాన్ని ఇకమీదట నీ చేతికి ఇవ్వము అనే శాసనాన్ని ఏ రాజపత్రంలోనూ ప్రకటించనవసరం లేకుండా గొట్టంలోపలే రాసి పెట్టారు. నేటి సేకర్తలు ఈ తుపాకులను చిన్న దీపం వేసి గొట్టం లోపలికి చూసి గుర్తుపడతారు. చాళ్ళు అరిగిపోయాయా, మొదటినుంచీ లేవా అన్నది వారికి ధర విషయం. మనకు అంతకన్నా కొంచెం పెద్ద విషయం.

ఆ తరువాత అర్ధశతాబ్దంపాటు ఈ ఒక అడుగు వెనుక అనే నీతి కొనసాగింది. 1866లో స్నైడర్ పద్ధతి వచ్చి తూటాను వెనుకవైపు నుంచి పెట్టే వీలు కలిగింది. 1871లో మార్టిని-హెన్రీ వచ్చింది. బ్రిటిష్ దళాలకు మార్టిని చేరినప్పుడు భారతీయ దళాలకు స్నైడర్ దక్కింది. వారు 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్‌కు మారాక మనవారికి మార్టిని వచ్చింది. 1914లో భారతీయ సేనలు మార్సెయ్ రేవులో దిగినప్పుడు కూడా వారి రైఫిళ్ళను తీసుకొని, కొత్త తూటాకు అనువైన కొత్త రైఫిళ్ళను అక్కడే పంచవలసి వచ్చింది. చేతికి అలవాటైన ఆయుధాన్ని రేవులో వదలి, కొత్తదానితో కొద్ది వారాలలోనే ఫ్లాండర్స్ బురదలోకి దిగినవారు వారు.

మార్టిని-హెన్రీ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. సేకర్తలలో ఎక్కువమంది మనసు దోచుకున్నది ఇదే. దీనికి గడియ లేదు. కింద ఉన్న పొడవైన మీటను వంచితే లోపలి దిమ్మ కిందికి జారుతుంది. తూటా పెట్టి మీట పైకి లాగితే దారి మూసుకొని, కాల్చడానికి సిద్ధమవుతుంది. ఒక్కసారికి ఒక్క తూటా. 480 గ్రెయిన్ల సీసపు గుండు, 85 గ్రెయిన్ల నల్లని తుపాకి మందు. (ఇక్కడ అనువాదకునికి ఒక చిక్కు. బ్లాక్ పౌడర్‌ను నల్లమందు అని రాయడానికి వీలులేదు. రాస్తే సిపాయిలందరూ అభిని తింటున్నారని పాఠకులు అనుకుంటారు.) 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో ఇసాండ్ల్‌వానా వద్ద జూలూల చేతిలో ఓడిన బ్రిటిష్ దళం చేతిలో ఉన్నది ఈ రైఫిలే, అదే రోజు రోర్క్స్ డ్రిఫ్ట్‌లో నిలిచి పోరాడిన కొద్దిమంది చేతిలో ఉన్నదీ ఇదే. తుపాకి చరిత్రలను యుద్ధాల జయాపజయాలతో ముడిపెట్టేవారు ఈ ఒక్కరోజును గుర్తుంచుకుంటే మంచిది.

ఈ రైఫిల్‌కు నేడు తూటా దొరకదు. కాల్చదలచినవారు వేటతుపాకుల 24 గేజ్ ఇత్తడి తొడుగును తెచ్చి, అచ్చులలో నొక్కి మెడ సన్నగా చేసి, సీసం కరిగించి గుండ్లు పోసుకొని, మందు తూచి నింపుకుంటారు. ఇరవై తూటాలకు ఒక సాయంత్రం ఖర్చవుతుంది. కాల్చినప్పుడు ముందు భుజానికి గట్టి దెబ్బ, తరువాత తెల్లని పొగ, ఆ వెనుక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి లేని రోజున పొగ విడిపోయేదాకా గురి తగిలిందో లేదో తెలియదు. నాలుగైదు తూటాలకే గొట్టంలో మసి పేరుకొని దెబ్బ మరింత పెరుగుతుంది. గొట్టం చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఆఫ్రికాలో సిపాయిలు దానికి పచ్చితోలు చుట్టి కుట్టుకునేవారు. ఒక యుద్ధవర్ణనలో పొగ కమ్మింది అన్న రెండు మాటలు చదివి ముందుకు సాగిపోయే మనకు, ఆ పొగలో వరుసగా నిలబడి ఎదుటివాడు కనపడక కాల్చడం అంటే ఏమిటో ఈ కాల్పుల వల్ల కొంత తెలుస్తుంది. సేకరించడంతో ఆగక కాల్చి చూడాలనే వారి వాదనలో నాకు బలంగా కనిపించిన అంశం ఇదొక్కటే.

మార్టినికి భయపడినవారిలో దానిని తయారు చేసినవారు కూడా ఉన్నారు. సైన్యం విసర్జించిన ఈ రైఫిళ్ళు వాయవ్య సరిహద్దులోనూ, సూడాన్‌లోనూ ఎదిరించేవారి చేతులలోకి చేరాయి. అందుచేత 20వ శతాబ్ది తొలి దశకంలో ఆ రెండు దేశాలలోకి .450 కొలత తూటాలను పౌరులు తేవడాన్ని నిషేధించారు. పులుల వేటకు వచ్చే దొరల ఖరీదైన జోడుగొట్టాల తుపాకులు కూడా ఆ కొలతవే కావడం వల్ల, లండన్ తుపాకి దుకాణాలవారు హడావిడిగా .465, .470 వంటి కొత్త కొలతలు సృష్టించవలసి వచ్చింది. నేటికీ ఆ కొలతలు వేటగాళ్ళలో ప్రతిష్ఠాత్మకంగా చెలామణి అవుతున్నాయి. వాటి పుట్టుక వెనుక ఉన్నది పులి కాదు, పఠాను.

దేశం లోపల ఆ భయానికి 1878 నాటి ఆయుధ చట్టమే తగినంత సాక్ష్యం. కాని ఇషాపూర్‌లో తయారైన మరొక వస్తువు దానికన్నా సూటిగా మాట్లాడుతుంది. పోలీసులకు, కాపలావారికి ఇవ్వడానికి .303 రైఫిళ్ళ గొట్టంలో చాళ్ళు తొలిచివేసి .410 కొలత నున్నటి గొట్టంగా మార్చారు. తూటాల పెట్టె ఉండే ఖాళీలో చెక్కముక్క దిగగొట్టారు. ఒకసారికి ఒక్క తూటాయే. ఆ తూటా కూడా ప్రత్యేకంగా చేసినది. ఎవరైనా అపహరించినా సైనిక రైఫిల్‌లో పనికిరాదు. 1857 తరువాతి ఎత్తుగడే మళ్ళీ! అమెరికాలో ఈ .410 ఇషాపూర్‌లను సరదాగా కొని, చెక్కముక్క పీకివేసి, కుందేళ్ళ వేటకు వాడేవారున్నారు. ఆ చెక్కముక్కే దానిలో అన్నిటికన్నా విలువైన భాగమని నా అభిప్రాయం.

అలాంటి పాలనలో, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద వరుసగా దాడి చేసి 26 తుపాకులనూ, రెండున్నర వేల దాకా తూటాలనూ వశపరచుకున్నాడు. తీసుకుపోయిన వాటి వివరాన్ని ఠాణా దస్తరంలో రాసి సంతకం చేసి వెళ్ళాడని ప్రతీతి. మన్యంలో జరిగిన ఈ పోరాటాన్ని బాణాలతో చేసిన యుద్ధంగా చెప్పుకోవడం మనకు ఇష్టం. దొరతనం నిద్ర చెడగొట్టినది మాత్రం ఆ ఇరవై ఆరు తుపాకులే. రెండేళ్ళపాటు వాటికోసం కొండలన్నీ గాలించవలసి వచ్చింది.

ఇక లీ-ఎన్‌ఫీల్డ్. స్కాట్లండ్‌లో పుట్టి, పసితనంలోనే కెనడా చేరి, అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ దీని గడియకు, తూటాల పెట్టెకు కర్త. ఎన్‌ఫీల్డ్ కర్మాగారంవారు రూపొందించిన చాళ్ళు దీని గొట్టంలో ఉన్నాయి. జంటపేరుకు కారణం అదే. 1895లో పుట్టి, 1904లో పొట్టిదై, 1907లో మార్క్ త్రీగా స్థిరపడింది. గడియ పొట్టిగా, నునుపుగా కదలడం వల్ల శిక్షణ పొందిన సిపాయి నిమిషంలో పదిహేను తూటాలను మూడు వందల గజాల గురికి తగిలించగలిగేవాడు. ఆనాటి సైనిక పరీక్షలో అది ఒక అంశం. ఇంగ్లండులో సర్రే జిల్లాలోని బిస్లీ మైదానంలో నేటికీ పాత రైఫిళ్ళ పోటీలలో ఆ నిమిషాన్ని మళ్ళీ ఆడుతుంటారు. అక్కడి జాతీయ రైఫిల్ సంఘం వయస్సు నూట అరవై ఏళ్ళు దాటింది. 1860లో వింబుల్డన్‌లో జరిగిన తొలి పోటీకి విక్టోరియా రాణి స్వయంగా మొదటి గుండు కాల్చింది. స్వయంగా అనడంలో కొంత అతిశయోక్తి ఉన్నది: రైఫిల్‌ను చట్రానికి బిగించి, ముందే గురి సరిచేసి, పట్టుతాడు ఆమె చేతికిచ్చారు. గుండు నాలుగు వందల గజాల దూరంలో నట్టనడుమకు దగ్గరగా తగిలింది.

.303ని కాల్చేవారికి ఉండే చిక్కులు వేరు. పాత తూటాల ఒత్తుమందు కాలిన తరువాత గొట్టంలో ఒకవిధమైన ఉప్పు మిగులుతుంది. ఉప్పు తేమను పీలుస్తుంది, తేమ తుప్పును పిలుస్తుంది. అందుకని కాల్చినరోజు సాయంత్రమే గరాటు పెట్టి మరుగుతున్న నీళ్ళు గొట్టంలో పోయాలి. సైన్యం ఆ పనికోసమే ప్రత్యేకమైన గరాటును తయారు చేయించింది. నేడు ఆ గరాటుకు కూడా సేకర్తలున్నారు. కందకాల బురదలో కూడా తూటా ఇరుక్కోకుండా ఉండాలని ఈ రైఫిల్ గదిని వదులుగా చేశారు. దానివల్ల కాల్చిన ఇత్తడి తొడుగు ఉబ్బుతుంది. తొడుగును తిరిగి నింపుకునేవారు మొత్తం నొక్కకుండా మెడ మాత్రమే నొక్కి, ఏ రైఫిల్‌లో కాలినదానిని ఆ రైఫిల్‌కే వాడతారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ రైఫిళ్ళు గుట్టలుగా, కారుచవకగా అమ్ముడుపోయినప్పుడు కెనడాలో, అమెరికాలో లక్షణంగా ఉన్నవాటి కొయ్యలను రంపంతో కోసి జింకల వేటకు తేలిక చేసుకున్నారు. అలా కోయకుండా మిగిలినవాటికి ఇప్పుడు గిరాకీ. అచ్చు అంచులు కోసి బైండు చేసిన పాత పుస్తకాలను చూసినవారికి ఆ బాధ అర్థమవుతుంది.

ఈ వ్యాసంగంలో నాకు సరిపడనిది ఒకటున్నది. కొందరి రాతలలో ఈ రైఫిళ్ళు మాన్స్, సోమ్, ఎల్ అలమీన్ పేర్లు మాత్రమే గుర్తుంచుకుంటాయి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో యాభైమంది సిపాయిలు కాల్చినది కూడా .303 లీ-ఎన్‌ఫీల్డులతోనే. 1650 తూటాలు. ఈ లెక్క ఇంత కచ్చితంగా ఉండడానికి కారణం సైన్యంలో తూటాకు తూటా లెక్క చెప్పవలసి ఉండడమే. చనిపోయినవారు 379 మంది అన్న అధికార సంఖ్యను మాత్రం ఎవరూ సరిగా నమ్మలేదు. తూటాలకున్న పద్దు మనుషులకు లేకపోయింది. గొట్టానికి నూనె రాసి, కొయ్యకు అవిసెనూనె పట్టించి మెరిపించేవారు ఆ సంవత్సరపు ముద్ర కనిపించినప్పుడు క్షణం ఆగితే బాగుండునని నేను కోరుకుంటాను. వారిలో కొందరు ఆగుతారు కూడా. ఇషాపూర్ ముద్రలమీద శ్రద్ధగా పరిశోధించినవారిలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియావారే ఎక్కువ కావడం మనం గమనించవలసిన సంగతి.

స్వాతంత్ర్యం తరువాత కూడా ఇషాపూర్ ఈ రైఫిల్‌ను వదలలేదు. 1962 చైనా యుద్ధంలో మన సిపాయిల చేతిలో ఉన్నది ఇదే. ఆ తరువాత కొత్త స్వయంచాలిత రైఫిళ్ళు అందరికీ చాలేటన్ని తయారయ్యేలోపు, పాత రూపాన్నే మెరుగైన ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు, పన్నెండు తూటాల పెట్టెతో కొత్తగా తయారు చేశారు. 2ఏ, 2ఏ1 అని దాని పేర్లు. ఇవి పాత .303లను మార్చినవని చాలామంది పొరపాటు పడతారు. కావు, పూర్తిగా కొత్తగా చేసినవి. సేకర్తలు దీనిని లీ-ఎన్‌ఫీల్డ్ వంశంలో చివరి మొలకగా భావించి ఆదరిస్తారు. ఇక పోలీసుల చేతిలో త్రీనాట్‌త్రీ కొనసాగుతూనే వచ్చింది. 2008 నవంబరు 26 రాత్రి ముంబై రైల్వేస్టేషనులో ఏకే-47లకు ఎదురైన కొందరి చేతిలో ఉన్నది అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో దానికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. సామ్రాజ్యం అస్తమించి డెబ్బైరెండేళ్ళు దాటిన తరువాత!

సేకర్తలకు అతిపెద్ద శత్రువు తుప్పు కాదు, దొంగముద్ర. పెషావర్‌కు దక్షిణాన ఉన్న దర్రా ఆదంఖేల్‌లో చేతిపనిముట్లతోనే ఏ తుపాకినైనా నకలు చేయగల కమ్మరులు తరతరాలుగా ఉన్నారు. వారికి ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాకపోయినా ముద్రలను బొమ్మలుగా చూసి చెక్కుతారు. అందుచేత ఎన్‌ఫీల్డ్ అనే మాటలో ఎన్ అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటుంది. కిరీటం కింద విక్టోరియా రాణి వి.ఆర్. ఉంటుంది, ఆ కింద సంవత్సరం ఆమె మరణించిన 1901ని ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. 2001 తరువాత అఫ్ఘనిస్థాన్ వెళ్ళిన అమెరికన్ సైనికులు అక్కడి బజారులలో ఇటువంటి మార్టినీలను కొని ఇంటికి తీసుకుపోయారు. గోడకు తగిలించుకోవడానికి బాగానే ఉంటాయి; రైలుపట్టాల ఇనుముతో చేసిన గొట్టంలో పూర్తి మోతాదు మందు వేసి పేల్చకూడదు. అక్షరదోషం ప్రాణాపాయానికి సూచన కావడం అరుదైన విషయం.

ఇందుకు భిన్నమైన నిధి ఒకటి నేపాల్‌లో బయటపడింది. కఠ్మాండులోని లగన్ సిలేఖానా అనే పాత భవనంలో రాణాల కాలంనుంచి పోగైన వేలాది తుపాకులను 2003లో అమెరికా వ్యాపారులు కొని తరలించారు. బ్రౌన్ బెస్సులు, 1853 ఎన్‌ఫీల్డులు, మార్టినీలు, వాటితోపాటు నేపాల్ సేనాని గహేంద్ర శంషేర్ స్వయంగా మార్టిని పోలికమీద రూపొందించి స్వదేశంలోనే చేయించిన గహేంద్ర రైఫిళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. దశాబ్దాల జిడ్డును గీకివేస్తే కిరీటాల ముద్రలు, దేవనాగరి అంకెలు ఒకే ఉక్కుమీద బయటపడ్డాయి. ప్రపంచమంతటా సామాన్య సేకర్తలకు మార్టిని అందుబాటు ధరకు దొరికింది దానివల్లనే. అంత పెద్ద సంపద ఒక్క పద్దుపుస్తకమైనా మన ప్రాంతంలో మిగల్చకుండా సముద్రాలు దాటిందే అన్న దిగులు నాకు ఉన్నది. అయితే మరో యాభైఏళ్ళు అక్కడే ఉంటే తుప్పుముద్ద అయ్యేదని కొన్నవారు చెప్పే మాటను కొట్టివేయలేను.

చట్టం సంగతి చెప్పకపోతే పాఠకులు అడుగుతారు. బ్రిటన్‌లో మార్టినినో స్నైడర్‌నో అలంకారంగా, ముచ్చటకోసం ఉంచుకుంటే అనుమతి పత్రం అక్కరలేదు, ఎందుకంటే వాటి తూటాలు వాడుకలో లేని రకాల జాబితాలో ఉన్నాయి. 2021లో ఈ నియమాలను మరింత స్పష్టం చేశారు. అదే తుపాకిని కాల్చాలని సంకల్పిస్తే అనుమతి కావాలి. అంటే అక్కడ వస్తువు కన్నా ఉద్దేశం ముఖ్యం. మన 1959 ఆయుధ చట్టం బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధాలను మాత్రమే వదిలిపెడుతుంది. .303 సామాన్య పౌరునికి నిషిద్ధం. ఆ కారణంగానే మన ఆయుధ కర్మాగారాలు అదే గడియను ఆధారం చేసుకొని.315 కొలతలో వేటతుపాకిని తయారుచేసి పౌరులకు అమ్ముతూ వచ్చాయి. మీ తాతల ఇంటి అటకమీద బూజుపట్టిన తుపాకి ఏదైనా దొరికితే గరుకు కాగితంతో రుద్దవద్దు, లోపల తూటా ఉన్నదేమో అని తెలియక మీటను కదపవద్దు, ఠాణాకు తెలియజేయండి.

తుపాకి వాసన ఎరుగనివారికి కూడా ఇంగ్లీషు భాష వల్ల దానితో బంధుత్వం ఉన్నది. లాక్, స్టాక్ అండ్ బారెల్ అంటే తుపాకి మూడు భాగాలూ. ఇంగ్లీషువాడు తుపాకితో సహా సర్దుకుపోయే చోట తెలుగువాడు తట్టాబుట్టా సర్దుకుంటాడు. మ్యాగజైన్ అనేది గిడ్డంగిని సూచించే అరబ్బీ మాట. తూటాల పెట్టెకూ, మీరిప్పుడు చదువుతున్న ఈ పత్రికకూ అదే పేరు. తిరువొత్తియూర్‌లో 1955నుంచి బుల్లెట్ మోటారుసైకిళ్ళు తయారు చేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థకు ఆ పేరు రావడానికి కారణం దాని పూర్వీకులు ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారానికి విడిభాగాలు సరఫరా చేసి ఉండడమే.

ఆ కర్మాగారం 1988లో మూతపడింది. ఇప్పుడు అక్కడ ఇళ్ళు కట్టుకొని కాపురాలుంటున్నారు. లక్కముద్రల మూలప్రతులు నాటింగ్‌హామ్ మీదుగా లీడ్స్ నగరంలోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియానికి చేరాయి. మనకు దగ్గరలో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలకు ప్రత్యేకమైన విభాగమే ఉన్నది. ఏ ఊరి ప్రదర్శనశాలలోనైనా పాత బ్రిటిష్ రైఫిల్ కనిపిస్తే కింద అంటించిన చీటీతో తృప్తిపడకండి. తుపాకి, 19వ శతాబ్ది అని మాత్రమే ఉండవచ్చు. కుడివైపుకు వెళ్ళి చూడండి. ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలోని మార్టినిని కుడివైపు గోడకు తిప్పి పడుకోబెట్టారు. కాపలా ఉద్యోగిని మంచిమాటగా అడిగితే వెనుకనుంచి టార్చిలైటు వేసి చూపించాడు. కిరీటం, వి.ఆర్., ఎన్‌ఫీల్డ్, 1884. ఎన్ అక్షరం సరిగానే ఉన్నది.